సౌతాల్ లంగర్‌కి ఒక నరసాపురం అమ్మాయి రివ్యూ

పప్పుతో మొదలెడతాను. లండన్ సౌతాల్‌లోని సిక్కుల గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనాన్ని లంగర్ అంటారు. అందులో వచ్చే పప్పు చాలా రోజుల్లో నల్లగా, చిక్కగా ఉంటుంది. పొట్టు మినుములు గంటల తరబడి ఉడికి ముద్దలా అయిపోతాయి. అందులో పులుపన్నది ఉండదు. మాది నరసాపురం. మాకు పప్పంటే మామిడికాయో, గోంగూరో, ఏదీ లేకపోతే గుప్పెడు చింతచిగురో పడాల్సిందే. పులుపు లేని పప్పు మా ఇంట్లో జ్వరమొచ్చిన వాళ్ళకి పెడతారు. అలాంటి పప్పుని మొదటి రోజు నేను మూడుసార్లు వేయించుకున్నాను. కాబట్టి రుచి గురించి నా మాట పూర్తిగా నమ్మకండి. ఆ రాత్రి నాకు వేడినీళ్ళలో ఉప్పేసి ఇచ్చినా మూడు గిన్నెలు తాగేదాన్ని.

ఎమ్మెస్సీకని లండన్ వస్తున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. హోటళ్ళ గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. బిల్లు రాని చోటు గురించి కూడా ఎవరో ఒకరు వివరంగా రాయాలి కదా.

నేను దిగింది 2024 జనవరిలో. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయే రోజులు. విజయవాడలో మా కన్సల్టెన్సీ ఆయన "ఎయిర్‌పోర్ట్ పికప్ ప్యాకేజీలోనే ఉందమ్మా, మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు. హీత్రోలో గంటన్నర నిలబడ్డాను. ఫోన్ చేస్తే మోగుతుంది, ఎవరూ ఎత్తరు. సరే, రూమ్ అడ్రస్ చేతిలో ఉందిగా, బస్సులో పోదామనుకున్నాను. ఆ రూమ్ వాట్సాప్ గ్రూపులో దొరికింది. మాట్లాడినవాడు తెలుగువాడే, "చెల్లెమ్మా" అని పిలిచేవాడు. 450 పౌండ్లు అడ్వాన్సు కట్టించుకున్నాడు.

హీత్రో నుంచి సౌతాల్‌కి 105 నంబరు బస్సు వస్తుంది. ఎక్కి పది పౌండ్ల నోటు చాపితే డ్రైవర్ తల అడ్డంగా ఊపాడు. లండన్ బస్సుల్లో 2014 నుంచే డబ్బులు తీసుకోవడం మానేశారట, కార్డు ఆనించాల్సిందే. నా ఫారెక్స్ కార్డు పెద్ద సూట్‌కేసులో, ఆవకాయ సీసాల అడుగున, ఎవరైనా కొట్టేస్తారని అమ్మ చుట్టిపెట్టిన పాత లంగాలో ఉంది. బస్సు తలుపు దగ్గర సూట్‌కేసు విప్పలేను కదా. వెనక తలపాగా పెట్టుకున్న పెద్దాయన ఒకరు నిలబడ్డారు. ఆయనకి వయసును బట్టి ఉచిత పాస్ ఉంది. అది ఆనించి, జేబులోంచి బ్యాంకు కార్డు తీసి దాన్నీ ఆనించి, నన్ను లోపలికి పొమ్మని చెయ్యి చూపించారు. పౌండూ డెబ్బై అయిదు పెన్నీలు. నాకు ఈ దేశంలో అందిన మొదటి సాయం ఖరీదు అది.

ఆయన పంజాబీ, నా పదో తరగతి హిందీ. ఏ ఊరని అడిగారు. ఆంధ్రా అన్నాను, మద్రాసా అన్నారు. హైదరాబాద్ అన్నాను, తల ఊపారు. అబద్ధం చెప్పినట్టు అనిపించి, కాదండీ, గోదావరి పక్కన అన్నాను. ఆ మాటకి ఆయన సీట్లో ఇటు తిరిగి కూర్చున్నారు. "గోదావరీ! హజూర్ సాహిబ్!" నాకప్పుడు అర్థం కాలేదు. గురు గోవింద్ సింగ్ 1708లో చివరి రోజులు గడిపి కన్నుమూసింది నాందేడ్‌లో, గోదావరి ఒడ్డున. సిక్కులకి అది హజూర్ సాహిబ్. ఆయన అక్కడికి రెండుసార్లు వెళ్ళారట. నాందేడ్ దాటిన నీళ్ళే బాసర, భద్రాచలం, రాజమండ్రి మీదుగా వచ్చి, ధవళేశ్వరం దగ్గర పాయలై, వశిష్ఠ పేరుతో మా ఊరి రేవు పక్కనుంచి పోతాయి. ఇరవై మూడేళ్ళు ఆ నీళ్ళు తాగి పెరిగాను, ఎగువన ఎవరున్నారో ఎప్పుడూ ఆలోచించలేదు.

స్టాపులో దిగి ఒక సూట్‌కేసు ఆయనే లాక్కుంటూ వచ్చారు. తలుపు తీసిన ఆవిడ నా ఫోన్లో ఉన్న ఫోటోలు చూసి, ఇల్లు ఇదే, అద్దెకి మాత్రం ఏ గదీ లేదు అంది. నాలాగే అంతకుముందు ఇంకో ఇద్దరు వచ్చారట. కోపంగా చెప్పలేదు, అలిసిపోయినట్టు చెప్పింది. తలుపు మూసుకుంది.

అప్పుడు నా దగ్గరున్న ఇంకో దారి ఒక ఫోన్ నంబరు. అత్యవసరమైతే చెయ్యమని తెలిసినవాళ్ళు ఇచ్చిన ఒక తెలుగు కుటుంబానిది. చేశాను. ఆవిడ చాలా మర్యాదగానే మాట్లాడారు. అయ్యో పాపం అన్నారు. ఏ ఊరమ్మా అన్నారు. ఇంటిపేరేంటమ్మా అన్నారు. చెప్పాను. కొంచెంసేపు ఆగి, "ఓహో, చర్చికి వెళ్తారా మీరు?" అన్నారు. వెళ్తామండీ అన్నాను. "మావారు రాగానే అడిగి చేస్తానమ్మా" అన్నారు. వారు ఇంకా రాలేదనుకుంటాను.

పెద్దాయన గేటు దగ్గర చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడే ఉన్నారు. "చలో" అన్నారు. సూట్‌కేసు చక్రం ఒకటి ఊడిపోయింది. దాన్ని ఈడ్చుకుంటూ నడుస్తుంటే దారిలో హేవ్‌లాక్ రోడ్ అన్న బోర్డు కనబడింది. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. రాజమండ్రిలో మా పాత రైలు వంతెన హేవ్‌లాక్ వంతెనే కదా! తర్వాత వెతికితే ఈ హేవ్‌లాక్ వేరు, ఆ హేవ్‌లాక్ వేరని తెలిసింది. మన వంతెనకి పెట్టింది మద్రాసు గవర్నరు పేరు. ఇక్కడి రోడ్డు 1857 తిరుగుబాటుని అణచడానికి వెళ్ళిన జనరల్ పేరు మీద ఉంది. ఇప్పుడు గురుద్వారా ఉన్న భాగానికి గురునానక్ రోడ్ అని పేరు మార్చారు. మార్చి మంచి పని చేశారు.

శ్రీ గురు సింగ్ సభ గురుద్వారా, సౌతాల్. 2003లో తెరిచారు. చందాలతో కట్టుకున్నారు, కోటీ డెబ్బై లక్షల పౌండ్ల దాకా అయిందంటారు. తెల్లటి భవనం, పైన బంగారు గుమ్మటం. రాత్రిపూట చూస్తే అంత చిన్న చిన్న ఇళ్ళ మధ్య అది అక్కడికెలా వచ్చిందా అనిపిస్తుంది.

లోపలికెళ్ళే పద్ధతి చెప్తాను, నాలా గుమ్మంలో తికమక పడకండి. చెప్పులు విప్పి అరలో పెట్టాలి. ఏ అరో గుర్తుపెట్టుకోండి, నేను మొదటివారంలో రెండుసార్లు మర్చిపోయి మేజోళ్ళతో తిరిగాను. తల కప్పుకోవాలి, ఆడా మగా అందరూ. లేకపోతే అక్కడ బుట్టలో రుమాళ్ళు ఉంటాయి. సిగరెట్లు, మందు లాంటివి జేబులో కూడా ఉండకూడదు. చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్ళి కింద వరసలో కూర్చోవాలి. పెద్దవాళ్ళు, కాళ్ళనొప్పులున్నవాళ్ళు వేరే కూర్చోవచ్చు. రొట్టె వచ్చినప్పుడు రెండు చేతులూ చాచి తీసుకోవాలి. ఇది మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది, అడుక్కుంటున్నట్టు. కోట్లకి పడగలెత్తిన షాపు ఓనరు కూడా నా పక్కనే కూర్చుని అలాగే చాచడం చూశాక ఆ ఇబ్బంది పోయింది.

తల కప్పుకోవడానికి నా మెడలో అమ్మ అల్లిన లేసు స్కార్ఫ్ ఉంది. మా ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళ చేతిలో లేసు సూది ఉంటుంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. అమ్మ ముప్పై ఏళ్ళుగా అల్లుతూనే ఉంది. ఆ స్కార్ఫ్ తల మీద నిలవదు, అన్నీ కన్నాలే. నేను సర్దుకోవడం, అది జారడం. వరసలో రొట్టెలు పంచుతున్న ఒక ఆంటీ వచ్చి, తన చున్నీ పిన్ను తీసి నా జుట్టుకి గుచ్చి, లేసు అంచుని వేళ్ళతో పట్టుకుని దీపం వెలుగులో చూసినట్టు చూసింది. ఏమీ అడగలేదు. ముందుకెళ్ళిపోయింది.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. అక్కడ రొట్టెని "పర్షాదా" అని పిలుస్తారు. వడ్డించే కుర్రాడు "పర్షాదా జీ" అంటూ వచ్చేసరికి నాకు ప్రసాదం అని వినబడింది, నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళిపోయాయి. మా ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది తెలుస్తుంది. పక్కింటివాళ్ళు వినాయక చవితికి ఉండ్రాళ్ళు పంపితే తీసుకోవడం తీసుకునేవాళ్ళం, మర్యాద కోసం. తినేవాళ్ళం కాదు. నాకు ఏడేళ్ళప్పుడు ఒకటి దొంగతనంగా తిని, రాత్రంతా నరకానికి పోతానేమోనని నిద్రపోలేదు. ఇప్పుడు ఆ కుర్రాడు నా ముందు రొట్టె పట్టుకుని నిలబడ్డాడు. నేను చేతులు చాచలేదు. వాడు పక్కవాళ్ళకి వెళ్ళిపోలేదు, ఎందుకని అడగలేదు. అలాగే నిలబడ్డాడు. దారంతా నేను ప్రార్థన చేసింది రూమ్ కోసం, దేవుడు పంపింది రొట్టె. పేచీ పెట్టుకునే ఓపిక లేదు. చాచాను.

తిన్నాక, నేను గిన్నె పెట్టి వచ్చాక, అప్పుడు అడిగింది ఆ ఆంటీ, "సామాను ఎక్కడుంది?" అని. చూపించాను. ఆ రాత్రి నన్ను వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళింది. యూనివర్సిటీకి వెళ్ళిపోయిన మనవరాలి గదిలో నాలుగు రాత్రులు పడుకున్నాను. అయిదో రోజు హేస్‌లో, ముగ్గురు తెలుగమ్మాయిలున్న ఇంట్లో చోటు దొరికింది. వెళ్ళేటప్పుడు యాభై పౌండ్లు ఇవ్వబోతే ఆంటీ నా చెయ్యి మడిచేసి, ఆదివారం వచ్చి రొట్టెలు చెయ్యమంది.

అమ్మకి మాత్రం వెంటనే చెప్పలేదు. మూడో రోజు చెప్పాను. పికప్ సంగతి, రూమ్ సంగతి దాచి, గురుద్వారాలో తిన్నానని ఒక్కటే చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"అక్కడ విగ్రహం ఉందా?"

"లేదమ్మా. పుస్తకం ఉంది."

"పుస్తకమా?"

"పద్నాలుగు వందల ముప్పై పేజీల పుస్తకం. దాన్నే గురువంటారు. మెత్తటి గుడ్డలు కప్పి, పక్కన నిలబడి వింజామరతో విసురుతారు. రాత్రయితే వేరే గదిలోకి తీసుకెళ్ళి పడుకోబెడతారు."

"పుస్తకాన్ని పడుకోబెడతారా!"

"అవును, పక్క వేసి మరీ."

అమ్మ మళ్ళీ కాసేపాగి, "పుస్తకమైతే పర్లేదులే బుజ్జీ. నువ్వు మన బైబిల్ మీద టీ గ్లాసు పెట్టేదానివి" అంది. మా ఇంటి వరకూ తీర్పు అదే. ఇలాంటి మొహమాటం ఉన్నవాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నాను. ఆ తర్వాత పైన, ఆ పుస్తకం ఉంచే దర్బార్ హాల్లో ఇచ్చే గోధుమపిండి హల్వా కూడా తిన్నాను. పిండి, పంచదార, నెయ్యి సమానంగా పోస్తారు. దోసిట్లో పెడతారు, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి కారుతుంది. ఆ హల్వాకి నేను అయిదుకి ఆరు ఇస్తాను.

మిగతా వాటి సంగతి. రొట్టెలు బాగుంటాయి, పెనం మీంచి నేరుగా వస్తే ఇంకా బాగుంటాయి. కూర రోజుకొకటి, ఎక్కువగా బంగాళాదుంప, కాలీఫ్లవర్ లాంటివి. మాంసం, గుడ్లు ఉండవు. అన్నం రోజూ ఉంటుందని ఆశ పెట్టుకోకండి. ఉన్న రోజున నేను సిగ్గు వదిలేసి రెండోసారి అడుగుతాను. కారం మన లెక్కలో సున్నా. ఒకసారి కందిపొడి చిన్న పొట్లం కట్టుకుని జేబులో వేసుకెళ్ళాను. వరసలో కూర్చున్నాక తీయబుద్ధి కాలేదు. అందరి పళ్ళెంలో ఒకటే ఉంది, నా ఒక్కదాని పళ్ళెం వేరేగా ఉంటే ఏదో తప్పు చేసినట్టు. అలాగే ఇంటికి తెచ్చేశాను. టీ మాత్రం లండన్‌లో ఎక్కడా అంత చిక్కగా తాగలేదు. ఆదివారాలు పాయసం ఉంటే వదలకండి. రెండో గురువు భార్య మాతా ఖీవీ నేతితో పాయసం వండి పెట్టేదని వాళ్ళ గ్రంథంలోనే ఉందట. ఆంటీ ఆ సంగతి చెప్పేటప్పుడు తనే వండినంత గర్వంగా చెప్పింది. అంత పెద్ద గ్రంథంలో ఒక ఆడమనిషి పేరు ఆమె వంటతో సహా నిలిచిందంటే మా అమ్మకి కూడా భలే నచ్చింది.

వాళ్ళ మూడో గురువు అమర్‌దాస్ కాలంలో, ఆయన్ని చూడాలనుకున్నవాళ్ళెవరైనా ముందు అందరితో కలిసి కింద కూర్చుని తినాలని నియమం ఉండేదట. అక్బరు చక్రవర్తి కూడా అలాగే తిన్నాడని చెప్పుకుంటారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది లేకుండా చెయ్యడానికే ఆ వరస. పుస్తకాల్లో చదివితే మంచి మాట అనుకుని పేజీ తిప్పేస్తాం. ఇంటిపేరు అడిగించుకుని గంట కూడా కాకుండా ఆ వరసలో కూర్చుంటే వేరేగా ఉంటుంది. ఇప్పటికి ఏడాదిన్నర పైగా వెళ్తున్నాను. నా ఇంటిపేరు అక్కడ ఒక్కరికీ తెలీదు. ఆంటీకి నా పేరు కూడా సరిగ్గా రాదు, "గోదావరీ" అని పిలుస్తుంది.

మనవాళ్ళందరూ అలాంటివాళ్ళని కాదు. ఈస్ట్ హామ్‌లో తెలుగు ఆరాధనకి వెళ్తే అక్కడ పరిచయమైన ఒక అన్నయ్య నా సీవీ దిద్ది, పార్ట్‌టైమ్ పని ఎక్కడ దొరుకుతుందో చెప్పాడు. హేస్ ఇంట్లో అమ్మాయిలు మొదటి నెల అద్దె ఆలస్యమైనా ఊరుకున్నారు. వాళ్ళ గురించి వేరే రివ్యూ రాయాలి.

డబ్బు లెక్క కూడా చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. అప్పట్లో లండన్‌కి వీసా కావాలంటే నెలకి 1,334 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలది, మొత్తం 12,006 పౌండ్లు, 28 రోజులు ఖాతాలో నిలబెట్టి చూపించాలి. 2025 జనవరిలో అది నెలకి 1,483 అయింది, అదే ఏడాది నవంబరులో 1,529 అయింది. చూపించడం వేరు, ఉండటం వేరు. చాలామంది ఖాతాల్లో ఆ డబ్బు ఇరవై తొమ్మిదో రోజున ఎవరిది వాళ్ళకి వెళ్ళిపోతుంది. ఇక్కడికొచ్చాక చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు. 2024 ఏప్రిల్‌లో గంటకి కనీసం 11.44 పౌండ్లు ఉండేది. పని దొరికితే. నాకు దొరకడానికి పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాల్లో నేను వారానికి మూడు నాలుగు పూటలు లంగర్‌లోనే తిన్నాను. సిగ్గుపడలేదా అంటే పడ్డాను. ఒక బుధవారం ఆంటీతో ఆ మాటే అన్నాను, రోజూ వచ్చి తింటున్నానని. ఆవిడకి నా ప్రశ్న అర్థం కాలేదు. నా హిందీ తప్పేమోనని మళ్ళీ చెప్పాను. అప్పుడూ అర్థం కాలేదు. మూడోసారి చెప్పాక, "రోజూ ఆకలేస్తుంది కదా" అంది.

ఫ్రీ మెస్ దొరికిందని రీల్స్ తీసేవాళ్ళ మీద మాత్రం నాకు కోపం. వరసలో కూర్చున్నవాళ్ళ మొహాల మీదకి ఫోన్ పెట్టకండి. అందులో నాలాంటి రాత్రి గడుపుతున్నవాళ్ళు ఉండొచ్చు.

ఆదివారం రొట్టెల పని గురించి. నా చేతికి పీట, చపాతీ కర్ర ఇచ్చి ఒక పొడవాటి బల్ల దగ్గర నిలబెట్టారు. మాది అన్నం తినే ఇల్లు, నెలకో రెండుసార్లు చపాతీ. చుట్టూ ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ, చూడకుండా, చంద్రుళ్ళని దించేస్తున్నారు. నా రొట్టె ఒకవైపు మందం, ఒకవైపు కన్నం. ఎవరూ నవ్వలేదు, ఇలా చెయ్యమని చూపించనూ లేదు. కాల్చిన రొట్టెలు పేర్చే ముసలామె నాది రాగానే తీసి, కింద రెండు మంచివి, పైన ఒక మంచిది పెట్టి మధ్యలో దాచేసేది. రెండు గంటలు అలా దాచింది. ఇప్పుడు నావి కూడా గుండ్రంగానే వస్తున్నాయి. అయినా అలవాటుకొద్దీ మధ్యలోనే పెడుతుంది.

వెళ్ళడం సులువు. ఎలిజబెత్ లైన్‌లో సౌతాల్ స్టేషన్‌లో దిగండి, బోర్డు మీద ఊరి పేరు పంజాబీలో కూడా ఉంటుంది, అక్కణ్ణుంచి నడిచిపోవచ్చు. బస్సయితే 105లో వచ్చి కింగ్ స్ట్రీట్‌లో దిగండి. ఒకసారి కార్డు ఆనిస్తే గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే టికెట్. కార్డు మాత్రం లంగాలో చుట్టి అడుగున పెట్టకండి. వారం మధ్యలో వెళ్తే నిదానంగా తినొచ్చు, ఆదివారం జనం బాగా ఉంటారు.

రేటింగ్ అడిగితే నాలుగున్నర. ఆ అర చింతపండుది.

పోయిన నెల ఊరి నుంచి వచ్చిన జూనియర్ చేత అమ్మ ఒక పొట్లం పంపింది. బల్లమీద వేసే గుడ్డంత లేసు, అంచంతా ద్రాక్షగుత్తులు, రెండు నెలలు అల్లిందట. ఆంటీకి ఇచ్చాను. ఇంట్లో అలమరలో దాచుకుంటుందనుకుంటే, ఆదివారం తెచ్చి వంటింట్లో వేడి రొట్టెల బుట్ట మీద కప్పేసింది. ఒక్కరోజుకే మధ్యలో అరచేయంత నెయ్యి మరక. అమ్మ ఫోటో పంపమని రోజూ అడుగుతోంది. రెండుసార్లు ఉతికాను, ఇంకా పోలేదు.